కుంకుడు రసం నుంచి హెర్బల్ షాంపూ దాకా

కుంకుడుకాయ తొక్కలో సాపొనిన్లు అనే పదార్థాలుంటాయి. కాయను నీళ్లలో నానబెట్టి పిసికితే అవి కరిగి నురగ కడతాయి. సాపొనిన్ అణువులో ఒక కొసకు నీటిని, రెండో కొసకు నూనెను పట్టుకునే గుణం ఉంది. తల మీది జిడ్డూ దుమ్మూ ఆ నూనె కొసకు చిక్కుకుని, నీళ్లు పోయగానే వాటితో జారిపోతాయి. సబ్బు, షాంపూ, బట్టల పౌడరు పనిచేసేదీ ఈ సూత్రం మీదే. దక్షిణాదిన పెరిగే కుంకుడు చెట్టును వృక్షశాస్త్రజ్ఞులు సాపిండస్ ట్రైఫోలియేటస్ అంటారు. ఉత్తరాదివాళ్లు రీఠా అని పిలిచేది దాని తోబుట్టువు, సాపిండస్ ముకొరొస్సి. శీకాకాయ వేరే కుటుంబానిది. అడవుల్లో చెట్ల మీదికి పాకే ముళ్ల తీగకు కాస్తుంది. దానిలో నురగ కట్టేవీ సాపొనిన్లే.

తలంటుకు కుంకుడు రసం తీయడం ఓపికతో కూడిన పని. ఎండిన కాయలను రాతితో చితక్కొట్టి, లోపలి నల్లటి గట్టి గింజను ఏరేయాలి. తొక్కలను వేన్నీళ్లలో వేసి, మెత్తబడ్డాక చేత్తో గట్టిగా పిసకాలి. తేనె రంగు రసం దిగుతుంది, పైన తెల్లగా నురగ తేలుతుంది. పిప్పిని పిండి గుడ్డలో వడకట్టాలి. అది సరిగా చేయకపోతే తొక్క ముక్కలు జుట్టులో ఇరుక్కుని, ఆరాక కూడా రాలుతూనే ఉంటాయి. కొందరు రసంలో గంజి కలుపుతారు, కొందరు మందారాకు నూరి కలుపుతారు. అంతకు ముందు తలకు ఆముదమో నువ్వుల నూనో పట్టిస్తారు. రసం కళ్లలో పడితే భగ్గున మండుతుంది. ఆ మంటకు నోట్లో ఉప్పుకల్లు వేసుకోవడం పాత అలవాటు. ఒంటికి సున్నిపిండి, తలకు కుంకుడో శీకాకాయో: భోగికీ దీపావళికీ పెళ్లికీ తెలుగిళ్లలో స్నానపు సరంజామా ఇదే. పట్టుచీరలు ఉతకడానికీ, నగలకు మెరుగు పెట్టడానికీ అదే కుంకుడు రసం పనికొచ్చేది.

ఈ సరుకుకు ఒక పరిమితి ఉంది. ఎండు కాయ పొడిగా ఉన్నంతకాలం ఏడాదైనా నిలవ ఉంటుంది. నీళ్లు తగిలి రసమైందంటే రెండు మూడు రోజుల్లోనే పులిసి, వాసన కొట్టి, పారబోయాల్సి వస్తుంది. చక్కెరలూ మొక్క అవశేషాలూ ఉన్న ఆ నీళ్లు సూక్ష్మజీవులకు మంచి ఆహారం. ఇంట్లో ఏ పూట రసం ఆ పూటే తీసుకున్నంతకాలం ఇదొక సమస్యే కాదు. కంపెనీలో తయారై, లారీలో ప్రయాణం చేసి, దుకాణపు అలమారలో నెలలు గడిపి, స్నానాల గదిలో తడిచేతులతో మూత తీస్తూ వాడుకునే సీసాకు మాత్రం ఇది ప్రాణాంతకం. సహజం అన్న పేరుతో అమ్ముడయ్యే సరుకులోకి కృత్రిమ రసాయనాలు రావడానికి మొదటి కారణం మోసబుద్ధి అనుకోవడం సరికాదు. మొదటి కారణం నీళ్లు. వాటిని కలిపి, ఆ సంగతి లేబుల్ మీద దాచడం తర్వాతి అధ్యాయం. తప్పు మొదలయ్యేది అక్కడ.

సబ్బు మన ఇళ్లలోకి వచ్చినా తలంటులో కుంకుడుకు చాలాకాలం పోటీ కాలేకపోయింది. సబ్బుకు క్షారగుణం ఉంటుంది. బోరు నీళ్లు, బావి నీళ్లు ఉప్పగా ఉండే చోట్ల అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి జిగట తెట్టు కడతాయి. అది జుట్టుకు అంటుకుని వెంట్రుకలు అట్టకడతాయి. కుంకుడు రసం కొద్దిగా ఆమ్లగుణం గలది, ఉప్పు నీళ్లలోనూ తెట్టు కట్టదు. యూరప్‌లోనూ ఇదే ఇబ్బంది ఉండేది. బెర్లిన్‌లో హాన్స్ ష్వార్జ్‌కాఫ్ 1903లో పొట్లాల్లో షాంపూ పొడి అమ్మాడు, ఆయన కంపెనీ 1927లో ద్రవ షాంపూ తెచ్చింది, 1933లో క్షారం లేని షాంపూ తెచ్చింది. ఈలోగా జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు కొబ్బరి నూనె వంటి కొవ్వుల నుంచి ఫ్యాటీ ఆల్కహాల్ తీసి, దాన్ని సల్ఫేటుగా మార్చే పద్ధతి సాధించారు. ఇది ఏ నీళ్లలోనైనా నురగ ఇస్తుంది, తెట్టు కట్టదు. అమెరికాలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ 1933లో డ్రెఫ్ట్ అనే బట్టల పౌడరునూ, 1934లో డ్రీన్ అనే షాంపూనూ ఈ రకం పదార్థంతోనే విడుదల చేసింది. ఇవాళ సోడియం లారిల్ సల్ఫేట్, సోడియం లారెత్ సల్ఫేట్ అని సీసాల మీద కనిపించే పేర్లు ఈ వంశానివే.

లారెత్ అన్నదాన్ని కొంచెం దగ్గరగా చూడాలి, ముందు ముందు వచ్చే తగాదాల్లో కొన్నిటికి అది కేంద్రం. లారిల్ సల్ఫేట్ చర్మాన్ని కొంత పొడిబార్చి మంట పెడుతుంది. దాన్ని మెత్తబరచడానికి, సల్ఫేటుగా మార్చే ముందు ఫ్యాటీ ఆల్కహాల్‌ను ఇథిలీన్ ఆక్సైడ్ అనే వాయువుతో కలుపుతారు. ఆ వాయువు పెట్రోలియం నుంచి వచ్చేది. అంటే అణువులో ఒక కొస కొబ్బరిదో పామాయిల్ గింజదో, రెండో కొస ముడి చమురుది. ఈ చర్యలో 1,4-డయాక్సేన్ అనే మలినం కొద్దిపాటిగా పుడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. శూన్య పీడనంలో ఆవిరితో కడిగితే చాలావరకు పోతుంది, కానీ ఆ పనికి ఖర్చవుతుంది. ఇది మలినమే తప్ప దినుసు కాదు కాబట్టి సీసా మీద దాని పేరు ఎక్కడా ఉండదు. సీసా మీద రాసేది మాత్రం ‘కొబ్బరి నుంచి తీసినది’ అని. అబద్ధం కాదు, సగం నిజం.

భారతదేశంలో సన్‌సిల్క్ 1964లో వచ్చింది. అప్పటికీ ఆ తర్వాత ఇరవై ఏళ్లకూ షాంపూ పట్నవాసపు విలాసమే. తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ షాంపూను చిన్న ప్లాస్టిక్ సాచెట్లలో నింపి అమ్మే పద్ధతికి దారి తీశాడు. ఆయన కుమారుడు సి.కె.రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో అదే దారి పట్టాడు. రూపాయికీ అర్ధరూపాయికీ దొరికే సాచెట్ కిళ్లీ కొట్టులో దండలుగా వేలాడడంతో, కుంకుడుకాయ కొట్టే ఓపిక లేని ఇల్లు ఊళ్లో కూడా షాంపూ ఇల్లయిపోయింది. తర్వాత కెవిన్‌కేర్‌గా మారిన చిక్ కంపెనీయే మీరా శీకాకాయ పొడినీ, నైల్ హెర్బల్ షాంపూనూ మార్కెట్లోకి తెచ్చింది. ఒకే కంపెనీ చేతిలో ఈ మూడూ ఉండడం చరిత్ర దృష్టితో చూస్తే అర్థవంతం. షాంపూ కుంకుడును పక్కకు నెట్టింది, తర్వాత కుంకుడు జ్ఞాపకమే షాంపూకు అమ్మకపు సరుకయింది.

పొడికీ ద్రవానికీ మధ్య తేడా ఇక్కడ ముఖ్యం. శీకాకాయ పొడిలో నీళ్లుండవు కాబట్టి తేమ తగలకుండా ప్యాక్ చేస్తే నిలవ రసాయనం అక్కర్లేదు. కొన్ని పొడుల్లో నురగ కోసం డిటర్జెంట్ పొడి కలుపుతారన్నది నిజమే అయినా, నిజమైన కాయల పొడిని ప్యాకెట్లో అమ్మడం సాధ్యమే. మన్యం గిరిజనులు ఏరిన కుంకుడుకాయలూ శీకాకాయలూ ఇలాంటి సరుకుకే ముడిపదార్థం. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వాటిని సంతల్లో తేనె, కరక్కాయలు, చింతపండుతో పాటు కొంటూ వచ్చింది, పొడులుగా అమ్ముతూ వచ్చింది.

ద్రవ షాంపూ సంగతి అలా కాదు. కుంకుడు సారంతోనే సీసా నింపితే గోధుమ రంగు పలుచని నీళ్లు, తక్కువ నురగ, కళ్ల మంట, త్వరగా పులుపు. కొనేవాళ్లకు అలవాటైంది చిక్కగా, ముత్యపు మెరుపుతో, గుప్పున వాసన వేస్తూ, చెంచాడు వేస్తే బుట్టెడు నురగ వచ్చే సరుకు. అందుకే తయారీదారులు దాదాపు ఏకాభిప్రాయంగా ఒక పద్ధతికి వచ్చారు: ముందు మామూలు షాంపూ బేస్ తయారు చేయడం, దాంట్లో మూలికల సారం కొంచెం కలపడం. బేస్‌లో ముప్పాతిక పైగా నీళ్లు. నురగకు లారెత్ సల్ఫేట్, దానికి తోడు కొబ్బరి కొవ్వామ్లాలకు డైమిథైల్ అమైనో ప్రొపైల్ అమీన్ కలిపి చేసే కోకమిడోప్రొపైల్ బీటైన్. చిక్కదనానికి మామూలు ఉప్పు. మెరుపుకు గ్లైకాల్ స్టియరేట్. దువ్వెన జారడానికి డైమెథికోన్ అనే సిలికాన్. నిలవకు పారాబెన్లు, డీఎండీఎం హైడాంటాయిన్, ఫినాక్సీఇథనాల్ వంటివి. చివర రంగు, పరిమళం.

ఆయుర్వేద లైసెన్సు కింద తయారైన షాంపూ సీసాను వెనక్కి తిప్పితే ఈ ఏర్పాటు కళ్లకు కడుతుంది. ప్రతి 100 మి.లీ.లో అని మొదలవుతుంది. భృంగరాజం, ఆమలకి, శీకాకాయ, అరిష్టకం, జపాకుసుమం: మన గుంటగలగరాకు, ఉసిరి, కుంకుడు, మందారం సంస్కృతపు పేర్లతో, పక్కన లాటిన్ పేర్లతో, గ్రాముల్లోనో మిల్లీగ్రాముల్లోనో వరసగా ఉంటాయి. చివరి వరసలో ‘షాంపూ బేస్ – క్యూ.ఎస్.’ అని ఉంటుంది. క్యూ.ఎస్. అంటే కావలసినంత. పైన రాసిన మూలికలన్నీ కూడితే కొన్ని గ్రాములు దాటవు. మిగిలిన తొంభై పైచిలుకు మిల్లీలీటర్లు ఆ ఒక్క మాటలో ఒదిగిపోతాయి. తలకు రాసుకునేది ముఖ్యంగా ఏమిటో, అదే పేరు లేకుండా ఉండిపోతుంది. లేబుల్ చదవాలన్న శ్రద్ధ ఉన్న మనిషికి కూడా తెలుసుకునే దారి మూసేయడం చిన్న అన్యాయం కాదు.

దీనికి చట్టం చరిత్రలో మూలం ఉంది. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టంలోకి ఆయుర్వేద మందులు 1964 సవరణతో ప్రత్యేక అధ్యాయంగా చేరాయి. శాస్త్రగ్రంథాల్లో ఉన్నది ఉన్నట్టు చేసే మందు ఒక తరగతి. ఆ గ్రంథాల యోగాల్లో చెప్పిన దినుసులు మాత్రమే వాడి, కొత్త కూర్పుతో సొంత పేరు పెట్టుకునే పేటెంట్ లేక ప్రొప్రైటరీ మందు రెండో తరగతి. హెర్బల్ షాంపూలు, క్రీములు, నూనెలు పెద్ద సంఖ్యలో ఈ రెండో తరగతిలో చోటు సంపాదించాయి. నిర్వచనంలో ‘మాత్రమే’ అని ఉన్నా, గ్రంథాల్లో లేని నిలవ మందులూ రంగులూ ఇతర అనుపదార్థాలూ కలపడానికి తర్వాత చేర్చిన 169వ నియమం అనుమతించింది. 2010లో వచ్చిన 158-బి నియమం ‘సౌందర్య ప్రసాదక’ అనే పేరుతో ఆయుర్వేద సౌందర్య సాధనాలకు విడిగా చోటిచ్చింది. చరకుడి కాలంలో లేని సల్ఫేటు, చరక సంహిత పేరు మీద లైసెన్సు పొందిన సీసాలోకి చట్టబద్ధంగానే చేరడం ఇలా సాధ్యమైంది.

లైసెన్సు ఆకర్షణలో పన్ను పాత్ర కూడా తక్కువది కాదు. సౌందర్య సాధనాల మీద ఎక్సైజ్ సుంకం భారీగా, ఆయుర్వేద మందుల మీద తక్కువగా ఉండేది. కాబట్టి ఫలానా సరుకు మందా, అలంకారమా అన్న ప్రశ్న కోర్టుల చుట్టూ తిరిగింది. బైద్యనాథ్ వారి ఎర్ర పళ్లపొడి మీద సుప్రీంకోర్టు 1995లో, గ్రంథాల మాట ఎలా ఉన్నా మామూలు జనం దాన్ని పళ్లపొడిగానే చూస్తారు కాబట్టి మందు కాదని తేల్చింది. 2006లో ప్యూమా ఆయుర్వేదిక్ హెర్బల్ కేసులో మాత్రం వేప ఫేస్‌ప్యాక్, మొటిమల పొడి, చుండ్రు నూనె వంటి చాలా సరుకులను మందులుగా ఒప్పుకుంది. ఏ తీర్పులోనూ అసలు వివాదం బేస్‌లో ఏముందన్నది కాదు. ఎంత పన్ను కట్టాలన్నదే. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు షాంపూకు 28 శాతం, ఆయుర్వేద మందుకు 12 శాతంగా ఈ తేడా కొనసాగింది. 2025 సెప్టెంబరులో రెండూ 5 శాతానికి దిగడంతో ఈ ఒక్క కారణం మాత్రం తొలగింది.

పాశ్చాత్య దేశాల్లో ఇదే కథ మరో దారిలో నడిచింది. జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో మూలికా సౌందర్య సాధనాలకు పాత సంప్రదాయం ఉంది. వెలెడా 1921లో మొదలైంది, వాలా సంస్థ డాక్టర్ హౌష్కా పేరుతో 1967లో సౌందర్య సాధనాలు తెచ్చింది. అమెరికాలో ఆకుపచ్చ ఆకర్షణ ముందు వాసనగా, బొమ్మగా వచ్చింది. 1971లో క్లెయిరాల్ తెచ్చిన హెర్బల్ ఎసెన్స్ షాంపూ లోపల మామూలు షాంపూయే. మూలిక ఉన్నది ముఖ్యంగా రంగులో, పరిమళంలో, సీసా మీది బొమ్మలో. 1976లో బ్రైటన్‌లో బాడీ షాప్, 1978లో భారతదేశంలో ఆయుర్వేదం చూసివచ్చిన హోర్స్ట్ రెషెల్‌బాకర్ స్థాపించిన అవేడా ఆ ఆకర్షణను పెద్ద వ్యాపారంగా మలిచాయి. 1994లో జాన్ ఎంటైన్ అనే పాత్రికేయుడు బాడీ షాప్ క్రీముల్లో పెట్రోలియం పదార్థాలున్నాయంటూ బిజినెస్ ఎథిక్స్ పత్రికలో రాసిన వ్యాసం పెద్ద దుమారం రేపింది.

అలాంటి పరిశీలన అసలు సాధ్యం కావడానికి ఒక చిన్న నియమం తోడ్పడింది. అమెరికాలో 1977 నుంచి సౌందర్య సాధనాల మీద దినుసులన్నీ పరిమాణం తగ్గే వరసలో రాయడం తప్పనిసరైంది. పరిమళాన్ని మాత్రం వ్యాపార రహస్యం పేరుతో ఒక్క మాటలో రాయనిచ్చారు. ఆ సందు ఇప్పటికీ పూర్తిగా పూడలేదు. కానీ మిగతా వరస చదివితే ‘సహజ’ షాంపూలో నీళ్ల తర్వాత రెండో పేరు లారెత్ సల్ఫేట్ అనీ, కలబంద ఎక్కడో తోకలో ఉందనీ ఎవరికైనా తెలుస్తుంది. ‘క్యూ.ఎస్.’ పద్ధతికీ దీనికీ తేడా అదే.

‘ఆర్గానిక్’ అన్న మాట మీద పోరు మరింత తీవ్రంగా సాగింది. అమెరికా వ్యవసాయ శాఖ ఆర్గానిక్ ప్రమాణాలు 2002లో అమల్లోకి వచ్చాయి, అవి ఉద్దేశించింది ఆహారానికి. సబ్బులూ లోషన్లూ కూడా ఆ ముద్ర పొందవచ్చని మొదట చెప్పిన శాఖ 2005 ఏప్రిల్లో కాదంది. ఆర్గానిక్ కన్స్యూమర్స్ అసోసియేషన్, డాక్టర్ బ్రానర్స్ సబ్బుల కంపెనీ కోర్టుకెక్కాయి. ఆగస్టులో శాఖ మళ్లీ ఒప్పుకుంది. అయితే ముద్ర లేకుండా ఉత్త ‘ఆర్గానిక్’ అని పేరు పెట్టుకునేవాళ్లను శాఖ పట్టించుకోలేదు. ఆర్గానిక్ లావెండర్ మరిగించిన నీళ్లను ‘పూల నీరు’గా లెక్కలో వేసి, ఆర్గానిక్ శాతాన్ని పెంచి చూపించడం అప్పట్లో మామూలు. సీసాలో ఎలాగూ ఉండే నీళ్లే శాతం తెచ్చిపెట్టేవి.

2008 మార్చిలో ఆర్గానిక్ కన్స్యూమర్స్ అసోసియేషన్ డేవిడ్ స్టైన్‌మన్ పర్యవేక్షణలో నూరు ‘సహజ’, ‘ఆర్గానిక్’ సరుకులను ప్రయోగశాలలో పరీక్షింపజేసి ఫలితాలు బయటపెట్టింది. దాదాపు సగం వాటిలో 1,4-డయాక్సేన్ కనబడింది. కృత్రిమ దినుసులు కొన్ని కావాలని కలిపినవి, కొన్ని తయారీ పద్ధతితో తోసుకొచ్చినవి అన్న తేడా జనానికి ఆ రోజు బాగా అర్థమైంది. మరుసటి నెల డాక్టర్ బ్రానర్స్ కంపెనీ తన పోటీదారుల మీద కాలిఫోర్నియాలో దావా వేసింది. 70 శాతం ఆర్గానిక్ దినుసులు లేకుండా ఆ పేరుతో అమ్మకూడదన్న రాష్ట్ర చట్టం అక్కడ 2003 నుంచే ఉంది, అమలే బలహీనం. 2011లో సెంటర్ ఫర్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ అదే చట్టం కింద పాతిక పైగా కంపెనీలను కోర్టుకు లాగింది. అదే ఏడాది జూన్ నుంచి హోల్ ఫుడ్స్ దుకాణాలు ధ్రువీకరణ లేని ‘ఆర్గానిక్’ సరుకును అమ్మబోమన్నాయి. ప్రభుత్వం చేయవలసిన పని ఒక దుకాణాల గొలుసు చేసినట్టయింది. న్యూయార్క్ రాష్ట్రం 2019లో చేసిన చట్టం డయాక్సేన్‌కు నేరుగా పరిమితి పెట్టింది. షాంపూల వంటి వాటిలో 2023 చివరి నుంచి పది లక్షల్లో ఒక వంతు మించకూడదు.

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఏప్రిల్లో అయిదు కంపెనీల మీద చర్య తీసుకుంది. ‘ఆల్ నేచురల్’ అనో ‘100 శాతం సహజం’ అనో అమ్మిన సరుకుల్లో కృత్రిమ దినుసులున్నాయన్నది అభియోగం. వాటిలో ఒకటి కాలిఫోర్నియాలోని ట్రాన్స్-ఇండియా ప్రొడక్ట్స్. దాని బ్రాండు పేరు షికాయ్, మన శీకాకాయనే గుర్తుచేసే పేరు. దాని లోషన్‌లో డైమెథికోన్, ఇథైల్‌హెక్సిల్‌గ్లిసరిన్, ఫినాక్సీఇథనాల్ ఉన్నట్టు కమిషన్ చూపింది. నాలుగు కంపెనీలు రాజీకొచ్చి ఇకపై అలా చెప్పబోమని ఒప్పుకున్నాయి. అయిదోదైన కాలిఫోర్నియా నేచురల్ సన్‌స్క్రీన్‌లో డైమెథికోన్ 8 శాతం. 2019లో ట్రూలీ ఆర్గానిక్ అనే కంపెనీ ఇలాంటి అభియోగం మీదే 17.6 లక్షల డాలర్లు చెల్లించింది.

నిలవ మందుల చరిత్ర ఈ కథలో విషాదభాగం. పారాబెన్లు 1920ల నుంచి వాడుకలో ఉన్నవి, చవకైనవి, అలర్జీ తక్కువగా కలిగించేవి. 2004లో ఫిలిపా డార్బ్రే బృందం రొమ్ము గడ్డల కణజాలంలో పారాబెన్ల ఆనవాళ్లు చూపింది. అవే క్యాన్సర్‌కు కారణమని ఆ పరిశోధన చెప్పలేదు, గడ్డలేని కణజాలంతో పోల్చనూ లేదు. అయినా ‘పారాబెన్ లేనిది’ అన్న ముద్ర ప్రపంచమంతా పాకింది. పారాబెన్ తీసేసిన చోట ఏదో ఒకటి పెట్టాలి కదా. చాలామంది పెట్టింది మిథైల్ఐసోథయాజోలినోన్. దాన్ని ఒంటరిగా వాడడానికి యూరప్ 2005లో అనుమతించింది. కొన్నేళ్లలోనే చర్మవైద్యుల దగ్గరికి దురద, దద్దుర్లతో వచ్చేవాళ్లు విపరీతంగా పెరిగారు. 2013లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దాన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. ఒంటికి రాసుకుని వదిలేసే సరుకుల్లో యూరప్ 2017లో దాన్ని నిషేధించింది. మిథైల్, ఇథైల్ పారాబెన్లు మాత్రం పరిమితుల్లో వాడితే సురక్షితమన్న తీర్మానం మీద అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. భయం మీద నడిచిన మార్పు జనానికి మేలు చేయలేదు.

‘సహజ నిలవ మందు’గా పేరుపడిన ద్రాక్షపండు గింజల సారం కథ ఇంకా కటువైనది. ఇది మన ద్రాక్ష కాదు, పంపరపనస జాతికి చెందిన గ్రేప్‌ఫ్రూట్. జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ పరిశోధకులు 1999లో మార్కెట్లో దొరికే ఆరు సారాలను పరీక్షించారు. సూక్ష్మజీవులను గట్టిగా చంపినవి అయిదు. ఆ అయిదింటిలోనూ బెంజెథోనియం క్లోరైడ్ అనే కృత్రిమ క్రిమినాశిని ఉంది. ఏ నిలవ మందూ కలవని ఆరోదానికి క్రిములను చంపే శక్తే లేదు. 2001లో అమెరికా వ్యవసాయ శాఖ రసాయన శాస్త్రజ్ఞులు కూడా వాణిజ్య సారంలో అదే పదార్థాన్ని గుర్తించారు. గింజకు లేని గుణాన్ని గింజ పేరుతో అమ్మారన్నమాట. తమ క్రీములో కృత్రిమం లేదని నమ్మి వాడిన చిన్న తయారీదారులూ ఇందులో మోసపోయినవాళ్లే.

గోరింటాకు విషయంలో మోసం ఒంటి మీద మచ్చగానే మిగులుతుంది. ఆకులో రంగునిచ్చేది లాసోన్. అది ఆషాఢంలో చేతులు పండించే నారింజ ఎరుపే ఇవ్వగలదు, నెరిసిన జుట్టును నల్లగా చేయలేదు. నలుపు కావాలంటే గోరింటాకు పెట్టాక నీలి ఆకు పెట్టాలి. ఒకప్పుడు కడప, నెల్లూరు జిల్లాల్లో విస్తారంగా సాగైన నీలి మొక్క అది. రెండు విడతల పని, గంటల సమయం. ‘నల్ల మెహందీ’ అని అమ్మే పొడులు చాలావాటిలో ఆ పని అరగంటలో చేసేది పారాఫినైలీన్‌డయమీన్. ప్యారిస్‌లో పందొమ్మిదో శతాబ్దం చివర జుట్టు రంగుగా మారిన కృత్రిమ పదార్థమిది. బలమైన అలర్జీ కారకం. యూరప్ దీన్ని తలకు రాసే రంగులో 2 శాతం మించనివ్వదు, చర్మానికి రాయనివ్వదు. ఒకసారి ఒంటికి పడనివాళ్లకు జీవితాంతం పడదు, తర్వాత ఎప్పుడు రంగు వేసుకున్నా ముఖం వాచిపోయే ప్రమాదముంటుంది. ఆకు బొమ్మ వేసిన పొట్లంలో దీన్ని పెట్టి అమ్మడం, ఈ వ్యాసంలో చెప్పినవాటన్నిటిలోనూ క్షమించరానిది.

ప్రభుత్వాలు నిర్వచనం ఇవ్వని చోట ప్రైవేటు ప్రమాణాలు పుట్టాయి. జర్మనీలో బీడీఐహెచ్ 2001లో, ఫ్రాన్స్‌లో ఎకోసెర్ట్ ఆ వెంటనే నియమాలు రాసుకున్నాయి. యూరప్‌లోని అయిదు సంస్థలు కలిసి 2010లో కాస్మోస్ ప్రమాణం తెచ్చాయి. దాని ప్రకారం ఆర్గానిక్ అనదగిన సరుకులో మొత్తం మీద కనీసం 20 శాతం ఆర్గానిక్ దినుసులుండాలి, కడిగేసుకునే షాంపూ వంటి వాటిలో 10 శాతం చాలు. నీళ్లు ఆర్గానిక్ కాలేవన్న నిజాన్ని ఒప్పుకోవడమే ఈ తక్కువ అంకెకు కారణం. పారాబెన్లు, ఇథిలీన్ ఆక్సైడ్‌తో చేసిన లారెత్, సిలికాన్లు నిషిద్ధం. బెంజాయిక్, సార్బిక్, శాలిసిలిక్ ఆమ్లాల వంటి కొన్ని నిలవ మందులకు, అవి ఫ్యాక్టరీలో తయారైనవే అయినా, ప్రకృతిలో కూడా ఉన్నవన్న ఆధారంతో అనుమతి ఉంది. గ్లూకోజ్‌నూ కొబ్బరి ఆల్కహాల్‌నూ కలిపి చేసే గ్లూకోసైడ్ డిటర్జెంట్లకు కూడా. అత్యంత కఠినమైన ప్రమాణం కూడా రియాక్టర్‌ను పూర్తిగా బహిష్కరించలేకపోయింది. 2016, 2017ల్లో రెండు భాగాలుగా వచ్చిన ఐఎస్‌ఓ 16128 ఇంకా ఉదారమైనది. ఒక్కో దినుసుకు సహజ సూచీ లెక్కగట్టే ఆ పద్ధతిలో నీళ్లను పూర్తిగా సహజంగా లెక్కించవచ్చు. ‘95 శాతం సహజ మూలం’ అని సీసా మీద కనిపించే అంకెలో సింహభాగం కొళాయి నీళ్లదే కావచ్చు.

భారతదేశంలో 2020 సౌందర్య సాధనాల నియమావళి తయారీకి, దిగుమతికి, లేబుల్‌కు నిబంధనలు పెట్టింది. ‘హెర్బల్’ అనడానికి ఇంత శాతం మూలిక ఉండాలన్న నియమం అందులో లేదు. ఆహార పదార్థాల ఆర్గానిక్ నిబంధనలు 2017లో వచ్చాయి, అవి షాంపూకు వర్తించవు. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ గ్రీన్‌వాషింగ్ నివారణకు మార్గదర్శకాలు జారీ చేసింది. సహజం, ఆర్గానిక్, స్వచ్ఛం వంటి మాటలు వాడేవారు వాటికి తగిన వివరణా, నిరూపించగల ఆధారాలూ చూపాలనీ, ఆ వివరాలు క్యూఆర్ కోడ్ ద్వారానైనా అందుబాటులో ఉంచాలనీ అవి చెబుతున్నాయి. ఇవి పర్యావరణ ప్రకటనలను ఉద్దేశించినవి. సీసాలో మూలిక ఎంతో, బేస్ ఎంతో, ఆ బేస్‌లో ఏముందో పేరుపేరునా రాయాలన్న షరతు వాటిలో లేదు.